పెరటిలో వసంతము

"పెరటి చెట్టు మందుకు రాదు" అని తెలుగువారి సామెత. చేరువనున్న వస్తువునకు విలువ కట్టలేని మానవ స్వభావమును ఈ నాలుగు మాటలు చక్కగా పట్టి చూపుచున్నవి. కొండమీది మూలిక కొరకు క్రోసుల కొలది నడచువాడు ఇంటి వెనుకనున్న మొక్కను తలయెత్తియైనను చూడడు. అయితే ఈ సామెత తప్పు పట్టుచున్నది చెట్టునా, చూడనేర్వని మనుష్యునా? ఈ సంగతి తేల్చుకొనుటకు వసంతము కంటె తగిన కాలము లేదు. పెరటికంటె తగిన చోటును లేదు.

చలిదేశములలో వసంతమనగా మంచు కరుగుట, నేల మేల్కొనుట. తెలుగునాట వసంతము ఎండను వెంటబెట్టుకొని వచ్చును. ఒకవంక మోడుబారిన కొమ్మలు చిగుర్చుచుండగా, వేరొకవంక బావులలో నీరు అడుగంటుచుండును. చైత్ర వైశాఖములలో ఇంట మొక్కలు పెంచువారు ఈ రెండింటితోను సర్దుకొనవలెను. మల్లెపొద ప్రక్కన బెండమడి, బావిగట్టు దాపున అరటి, చేమ, వంటింటి గోడవెంట బచ్చలితీగ, పందిరిపై బీరయో సొరయో - ఇది తెలుగింటి పెరటి సంప్రదాయము. పూవులకొక తోట, కూరలకొక తోట అను భేదము ఇక్కడ లేదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు వృథాపోక ఒక్కొక్క పాదునకు చేరును. ఉగాదిపచ్చడికి కావలసిన వేపపూవు అంగడినుండి గాక చెట్టునుండియే వచ్చెడి ఇండ్లు పల్లెలలో నేటికిని కలవు.

వసంతపు పూవులలో మల్లెదే పెద్దపీట. అయితే చైత్రమున విచ్చు మల్లె చైత్రమున సిద్ధమైనది కాదు. మల్లె మొగ్గలు క్రొత్త రెమ్మల చివరనే వచ్చును. కనుక చలికాలమున, నవంబరు చివరనుండి జనవరి లోపల, పొదకు నీరు తగ్గించి కొంతకాలము ఎండనిత్తురు. పిమ్మట ముదురు కొమ్మలను మోకాలెత్తున కత్తిరింతురు. మొదలు గుల్లగా త్రవ్వి, చివికిన పశువుల ఎరువు వేసి, మరల నీరు పెట్టుదురు. ఆకు లేక, పూవు లేక, కట్టెపుల్లలవలె నిలిచిన ఆ పొదను చూచి అనుభవము లేనివారు "అయ్యో, మొక్క పోయినది" అనుకొందురు. రెండుమూడు నెలలకు అదే పొద తెల్లని మొగ్గలతో నిండిపోవును. ఎన్టీఆర్ జిల్లాలోని మైలవరము ప్రాంతపు మల్లెతోటలలో రైతు చేయు పనియు ఇదియే. పెరటిలో ఒక్క పొదను పెంచు ఇల్లాలు చేయు పనియు ఇదియే. కత్తిరింపబడని పొద ఆకులతో గుబురుగా పెరుగునే గాని పూవుల విషయమున పిసినారియగును.

మొగ్గలు సాయంసమయమున విచ్చుటకును కారణము కలదు. రాత్రివేళ తిరుగు పురుగులకు చీకటిలో ముదురు రంగులు అంతగా కానరావు. తెలుపును, పరిమళమును వాటిని సులభముగా పిలువగలవు. మల్లె, సన్నజాజి, పొట్లపూవు, సొరపూవు - ఇవన్నియు తెల్లనివగుటయు, చీకటి పడువేళ విచ్చుటయు యాదృచ్ఛికము కాదు. ప్రతి పూవునకును తన వేళ యొకటి కలదు. గుమ్మడిపూవు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. లేతపసుపు రేకులు, నడుమ ముదురెరుపు గల బెండపూవు ఉదయమున విచ్చి సాయంకాలమునకు వాడిపోవును. ఎండ తగ్గుముఖము పట్టగనే చంద్రకాంతయు, బీరపూవును కన్ను తెరచును. దీపాలవేళకు సొర, పొట్ల మేల్కొనును. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్, పూవులు విచ్చు వేళలనుబట్టి గడియారమును కూర్పవచ్చునని 1751లో ప్రకటించిన గ్రంథమున సూచించెను. తెలుగు పెరటిలో ఒక వారముపాటు కాగితమును, పెన్సిలును పట్టుకొని తిరిగిన విద్యార్థి అట్టి గడియారమును తానే కూర్చుకొనగలడు. ఏ పాఠ్యపుస్తకములోను లేని గడియారమది.

తీగజాతి కూరగాయలను మొదటిసారి పెంచువారికి ఒక దిగులు తప్పదు. పందిరినిండ పూవులు పూయును. మరునాటికి అన్నియు రాలిపోవును. ఒక్క పిందెయైనను నిలువదు. "పాదునకు దిష్టి తగిలినది" అని పెద్దలు నల్లని కుండకు సున్నపు చుక్కలు పెట్టి పందిరికి కట్టుదురు. పదిదినములకు పిందెలు కనబడును. ఆ కీర్తి కుండకు దక్కును. జరిగినదేమనగా, సొర, బీర, కాకర, గుమ్మడి తీగలకు మగపూవులు వేరు, ఆడపూవులు వేరు. సాధారణముగా ముందు పూయునవి మగపూవులే. అవి రాలుట వాటి ధర్మము. ఆడపూవులు తరువాత వచ్చును. రేకుల క్రింద చిన్న పిందె ఆకారము ఉండుటయే వాటి గుర్తు. ఎండలు ముదిరి పగళ్ళు పొడవైనకొలది మగపూవుల సంఖ్య హెచ్చును. కనుకనే వేసవి కాపునకు విత్తనములను జనవరి, ఫిబ్రవరి నెలలలోనే పెట్టుదురు.

ఆడపూవు వచ్చినను తేనెటీగ రానిచో పిందె పసుపువారి రాలిపోవును. పట్టణములలో, మేడల నడుమ, ఈ కష్టము తరచుగా కలుగును. అప్పుడు మనుష్యుడే తేనెటీగ కావలెను. గుమ్మడికైనచో ప్రాతఃకాలమున, బీరకైనచో సాయంకాలమున, అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తొలగించి, దాని పుప్పొడిని ఆడపూవు నడిమి భాగమునకు మెల్లగా అద్దవలెను. రెండుమూడు దినములలో పిందె ఊరుట కంటబడును. పరాగసంపర్కమను మాటను పరీక్షకొరకు వల్లెవేసిన బాలుడు ఈ పని ఒక్కసారి తన వ్రేళ్ళతో చేసెనేని ఆ మాటను జన్మలో మరువడు. తాను నిలిపిన పిందెను రోజు రోజునకు కొలిచి చూచుకొనుటలోని ఆనందము వేరు. పొట్లకాయ వంకర తిరుగకుండ దాని కొనకు చిన్న రాయి కట్టుట చూచిన పిల్లవానికి, "మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెతను విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

తీగల నులితీగలు మరియొక వింత. కాకరతీగ సన్నని నులితీగను గాలిలోనికి చాచి, ఆధారము కొరకు మెల్లమెల్లగా తడవులాడును. ఒక పుల్ల తగిలినంతనే దానిని చుట్టుకొనును. తరువాత మిగిలిన భాగము స్ప్రింగువలె చుట్టలు చుట్టుకొని తీగను దగ్గరకు లాగును. శ్రద్ధగా చూచిన, ఆ చుట్టలు సగము దూరము ఒక దిక్కునకును, మిగిలిన సగము దాని ఎదురు దిక్కునకును తిరిగియుండును. రెండు కొసలును బిగిసియున్న త్రాడు మరియొక విధముగా చుట్టుకొనజాలదు. గాలి విసరినప్పుడు తీగ తెగక సాగి, మరల ముడుచుకొనుటకు ఈ చుట్టలే సాధనము. చార్లెస్ డార్విన్ ఈ చలనములను తన ఇంటిలోనే పరిశీలించెను. అమెరికా శాస్త్రజ్ఞుడు ఏసా గ్రే పంపిన విత్తనములను మొలిపించి, దోసజాతి తీగనొకదానిని గదిలో ఉంచుకొని గంటలకొలది గమనించెను. ఆ పరిశీలనల ఫలితముగా 1865లో ప్రాకుడు మొక్కలపై ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. ఆయన చూచినది సప్తసముద్రముల ఆవలి వింత కాదు. కిటికీ దాపునున్న తీగ.

పెరటిలో అందరును మిత్రులు కారు. అందరును శత్రువులును కారు. అక్షింతల పురుగు సంగతియే చూడవచ్చును. గుండ్రని వీపు, దానిపై నల్లని చుక్కలు గల ఈ పురుగులలో ఒక జాతి పేనుబంకను తిని మొక్కను కాపాడును. అదే పోలికతో, అదే పేరుతో పిలువబడు మరియొక జాతి వంగ, కాకర ఆకులను పచ్చదనము గోకి జల్లెడవలె చేయును. మొదటిదాని వీపు నున్నగా మెరయును. రెండవదాని వీపు సన్నని నూగుతో మసకగా ఉండి, పెక్కు చుక్కలు కలిగియుండును. తొందరపడి మందు చల్లినవాడు మిత్రుని శత్రువుతోపాటు చంపి, మరుసటివారము పేనుబంకను చూచి విచారించును. నిదానించి చూచినవాడు చేతితోనే ఏరివేయును. బెండ ఆకుల ఈనెలు పసుపువారి పల్లాకు తెగులు సోకినపుడును ఇదే మాట. దానిని ఒక మొక్కనుండి వేరొక మొక్కకు చేర్చునది తెల్లదోమ. జబ్బు మొక్కను జాలిపడి ఉంచుకొనుటకంటె వెంటనే పీకివేయుటయే తక్కిన మడికి మేలు.

కాపు ముగియువేళ పూర్వపు ఇల్లాండ్రు చేయు పని యొకటి కలదు. మంచి కాపు కాచిన తీగపై ఒక కాయను కోయక ముదరనిచ్చి, ఎండిన పిమ్మట చూరునకు కట్టుదురు. మరుసటి ఏటి విత్తనములు అందులో ఉండును. ఏ కాయను విడువవలెనో ఎంచుటలోనే వారి నేర్పు దాగియున్నది. ఎన్ని తరములుగానో ఈ విధముగా నడచిన విద్య ఇది. దీనిని వ్రాసియుంచినవారు అరుదు. నేడు అంగడిలో దొరకు సంకర విత్తనముల విషయమున మాత్రము ఈ పద్ధతి సాగదు. వాటి కాయలనుండి తీసిన విత్తనములు నాటినచో ఒక్కొక్క మొక్క ఒక్కొక్క తీరుగా వచ్చును. "విత్తనము చెడినది" అని కొందరు విసుగుకొందురు. చెడినది విత్తనము కాదు. అది వంశపారంపర్య నియమము.

ఆ నియమము తెలిసినదియు పెరటివంటి చోటనే. నేటి చెక్ దేశమునందలి బ్రనో నగరపు మఠములో, సుమారు 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల చిన్న తోటలో, గ్రెగర్ మెండల్ 1856 మొదలు 1863 వరకు బఠానీ మొక్కలను పెంచెను. ఎరుపెన్ని, తెలుపెన్ని, పొడవెన్ని, పొట్టియెన్ని అని లెక్కపెట్టుటయే ఆయన చేసిన పని. 1865లో చదివి, 1866లో అచ్చువేసిన ఆయన వ్యాసమును ఆనాడు పట్టించుకొన్నవారు లేరనదగును. 1884లో ఆయన కన్నుమూసెను. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఆ సత్యమునే చేరిన పిమ్మట ఆయన పేరు వెలుగులోనికి వచ్చెను. వారిలో ఒకడైన కారెన్స్, తెలుగిండ్ల వాకిట సాయంకాలము విచ్చు చంద్రకాంతపై పరిశోధనలు చేసి, మచ్చల ఆకుల లక్షణము తల్లిమొక్కనుండియే పిల్లమొక్కకు సంక్రమించునని 1909లో ప్రకటించెను. ఎర్ర చంద్రకాంతను తెల్లదానితో కలిపిన గులాబిరంగు పూవులు వచ్చుట, ఆ గులాబిపూల సంతతిలో ఎరుపు ఒక వంతు, గులాబి రెండు వంతులు, తెలుపు ఒక వంతు చొప్పున తేలుట నేడు పాఠ్యపుస్తకములకెక్కిన ఉదాహరణము. ఆ పుస్తకమును చదువు విద్యార్థులలో ఆ పొద తమ ప్రహరీగోడ ప్రక్కనే ఉన్నదని ఎరిగినవారు ఎందరు?

భూగోళము బోధించు ఉపాధ్యాయునకును పెరడు ఒక పటమే. వంగ, దోస, బీర భారతభూమికి చిరపరిచితములు. సొర, గోంగూర పూర్వము ఆఫ్రికానుండి వచ్చినవి. మిరప, రామములగ, గుమ్మడి అమెరికా ఖండములనుండి, సముద్రమార్గము తెలిసిన పిమ్మట, గడచిన అయిదు శతాబ్దములలో వచ్చినవి. పండుగనాడు గుమ్మమునకు తోరణమై వ్రేలాడు బంతిపూవునకు పుట్టినిల్లు మెక్సికో. మిరపకాయ లేని తెలుగు పచ్చడిని, బంతిపూవు లేని సంక్రాంతి గొబ్బెమ్మను నేడు ఊహింపలేము. అయినను ఇవి పరదేశమునుండి వచ్చి మెట్టినింట స్థిరపడిన కోడండ్రే.

ఇక సామెత సంగతి. బిళ్ళగన్నేరు మడగాస్కరు దీవినుండి వచ్చి, ఎవరును నీరు పోయకున్నను గోడవారనో, గుడివెనుకనో పెరుగు మొక్క. గులాబిరంగు పూవులనో తెల్లపూవులనో ఏడాదిపొడుగున పూచుటచేతనే దానిని ఎవరును పట్టించుకొనరు. 1950ల దశాబ్దమున కెనడా దేశములో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు దీని ఆకులలో మధుమేహమునకు మందున్నదేమోనని వెదకిరి. అది దొరకలేదు గాని, ఆ ఆకుల సారము రక్తములోని తెల్లకణములను తగ్గించుట వారి కంటబడెను. ఆ త్రోవను పోగా 1958లో విన్‌బ్లాస్టిన్ వెలుగుచూచెను. అదే మొక్కనుండి లభించిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో వైద్యమునకు అనుమతి పొందెను. పసిపిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరు చికిత్సలో విన్‌క్రిస్టిన్ నేటికిని ముఖ్యమైన మందు. ఈ మొక్క విషపూరితము. దాని ఆకును నమలరాదు, ఇంట కషాయము కాచరాదు. శాస్త్రము శుద్ధిచేసి, తూచి ఇచ్చినపుడే అది ప్రాణము నిలుపును. పెరటి చెట్టు మందుకు వచ్చినది. చూడగల కన్ను దానిపై పడువరకు ఆలస్యమైనది, అంతే.

"పెరడే లేని ఇంటివారి మాటయేమి?" అని ప్రశ్న రావచ్చును. పట్టణములలో ఇల్లు మీదికి పెరిగినకొలది పెరడు తరిగిపోయినది. నేడు అనేకులకు మట్టి కనబడునది కుండీలోనే. అయినను నిరాశపడవలసిన పని లేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో మిద్దెతోటలు పెంచువారు పెక్కుమంది కలరు. తోటకూర, మెంతికూర, పాలకూరలకు జానెడు లోతు మట్టిగల వెడల్పు తొట్టి చాలును. విత్తిన నెలదినములలో తోటకూర వంటింటికి చేరును. బచ్చలికి, పుదీనాకు విత్తనమే అక్కరలేదు. అంగడినుండి తెచ్చిన కట్టలోని ముదురు కాడను గ్రుచ్చిన చాలును. బెండకు, వంగకు బకెట్టంత కుండీయు, తీగలకు అంతకు రెట్టింపు తొట్టియు కావలెను. అడుగున నీరు పోవుటకు రంధ్రము, దినమునకు అయిదారు గంటల ఎండ, మట్టికి సమముగా చివికిన ఎరువు - ఇవి మూడును ముఖ్యములు. చైత్రపు ఎండలలో నీరు ఉదయమో, సాయంకాలమో పోసి, మొదట ఎండుటాకులు పరచినచో తేమ నిలుచును. పూలమొక్కలు కావలసినవారికి తూర్పు గోదావరి జిల్లా కడియము ప్రాంతపు నారుతోటలనుండి వచ్చు మొక్కలు అనేక పట్టణములలో దొరకుచున్నవి. ఒక్క మల్లెకుండీ ఉన్న ఇంటికిని వసంతము వచ్చును.

బడులలో ఈ పని ఇంకను సులభము. తరగతికొక మడి, నలుగురు పిల్లలకొక పాదు, గోడకొక పట్టిక. విత్తినదెన్నడు, మొలిచినదెన్నడు, తొలిపూవు ఏ దినమున, తొలికాయ ఎంత బరువు - ఇవి వ్రాయించినచో లెక్కలు, శాస్త్రము, భాష మూడును ఒక్కచోట కలియును. బెండవిత్తనము వేసిన బాలుడు తొలికాయ కోయుటకు నలుబది అయిదు, ఏబది దినములు వేచియుండవలెను. మధ్య ఒక వారము సెలవులు వచ్చి నీరు పోయువారు లేక మొక్కలు వాడిపోవచ్చును; మేక గోడదూకి ఒక్క పూటలో మడి మేసిపోవచ్చును. ఆ నష్టముకూడ పాఠమే. ప్రాణమున్న వస్తువు తన కొరకు ఆగదని, తిరిగి వ్రాసిన లెక్కవలె దానిని తుడిచి సరిదిద్దలేమని అక్కడ తెలియును. అంగడిలో పావుకిలో బెండకాయలకు బేరమాడు పెద్దలకును ఒకసారి ఈ పాఠము అవసరమే.

పెరటి తోట ధనమును కూడబెట్టదు. కాపునకు వచ్చిన సొరపాదు ఇంటికి సరిపడినంత కాచి ఊరకుండదు. ఇరుగింటికి, పొరుగింటికి పంపవలసినంత కాచును. మల్లెలును అంతే: ఈ పూట మొగ్గలు రేపటికి నిలువవు గనుక మూర కొలిచి దాచుటకు వీలులేదు, మాల కట్టి పంచవలసినదే. "మా పెరటిలో కాచినది" అని చేతికందించిన కాయకు అంగడి కాయకు లేని రుచి యొకటి అబ్బును. ఆ రుచిలో సగము మట్టిది, సగము ఓపికది.

పెరటిలో మొక్క పెంచువాడు పొందునది పూవును కాయయు మాత్రమే కాదు. దగ్గరనున్నదానిని తేరిపార చూచు అలవాటును పొందును. ఆ అలవాటు పెరటితో ఆగదు. మొక్కను చూడనేర్చినవాడు తోటిమనిషిని, తన ఊరిని, తన భాషను గూడ చూడనేర్చును. ఈ వసంతమున ఒక కుండీయు, గుప్పెడు విత్తనములును చాలును. ఆ సామెతను తిరుగవ్రాయు పని అక్కడనే మొదలగును.